కిందుండేవాళ్లకి వినపడాల

ఆమె పోయిందన్న సంగతి మా ఊళ్లో ఆలస్యంగా తెలిసింది. ఊళ్లో ఎవరు పోయినా చాటేది ఆమే కాబట్టి, ఆ రోజు చాటడానికి మనిషి లేకపోయింది. తెల్లవారుజామున పోతే, రాబర్ట్‌సన్‌పేట బజారుకి మధ్యాహ్నం గానీ కబురు రాలేదు. అదీ నా ఫోన్లో గ్రూపు మెసేజ్‌గా వచ్చింది, పక్కన జోడించిన చేతుల బొమ్మతో. ఆమె చూసి ఉంటే ఊరుకునేది కాదు. "ఇదేందప్పా, నేను చచ్చిపోయిండేది ఇంత మెల్లిగా చెప్తా ఉండారు" అని అడిగి ఉండేది.

నాది బట్టల అంగడి. కోలారు బంగారు గనులు నడిచిన రోజుల్లో జీతం రోజు గుడ్డలు అమ్మి పైకొచ్చిన కుటుంబం మాది. గనులు మూసేశాక సగం ఊరు పొద్దున్నే రైలెక్కి బెంగుళూరు పనికి పోతుంది. పోలేనివాళ్లు ఇక్కడే ఉండిపోయారు. వాళ్లలో గనిలో కింద దుమ్ము మింగి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న ముసలివాళ్ల కోసం, కోరమండల్‌లో పాత కార్మికుల ఇళ్లు రెండు కలిపి మేం కొందరం ఒక గది నడుపుతున్నాం. పగలు అక్కడికొచ్చి ఆక్సిజన్ ఇచ్చే గాలి మిషన్ దగ్గర వంతులవారీగా ఊపిరి పీల్చుకుని, పేపరు చదివి, ఒకరినొకరు తిట్టుకుని, పొద్దు గూకేసరికి ఇంటికి పోతారు. దానికొక ట్రస్టు. ట్రస్టుకి అధ్యక్షుడు మా పక్క వీధి నగల అంగడాయన, కోశాధికారిని నేను. మేమిద్దరం లేకపోయినా ట్రస్టు నడిచేది. ఆమె లేకపోతే నడిచేది కాదు, ఎందుకంటే డబ్బు వచ్చేది ఆమె నోటి వల్ల.

మనిషి నా భుజం దాకా కూడా రాదు. సన్నగా, ఎండిన మునక్కాయలా ఉండేది. భర్త గనిలో పోయాక ఆసుపత్రిలో ఆయాగా చేరి, రిటైరై, తర్వాత ఏ పనీ లేక ఊరందరి పనీ నెత్తిన వేసుకుంది. ఆ ఒంట్లో ఆ గొంతు ఎక్కడ పెట్టుకుందో ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఆమెకొక బటన్ ఫోన్ ఉండేది. దాన్ని చెవికి ఆనించుకుని మాట్లాడుతుంటే, అవతలి మనిషి ఆండర్సన్‌పేటలో ఉన్నా ఫోన్ అవసరం లేదనిపించేది. నా అంగడికొచ్చి జాకెట్టు గుడ్డ బేరమాడితే రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి, ఆమె అడిగిన ధర విని, లోపలికొచ్చి అదే ధరకి అడిగేవారు. ఆమె వచ్చిందంటే ఆ రోజు నాకు నష్టమే. అయినా ఆమె రాని వారం ఏదో వెలితిగా ఉండేది, ఎందుకో నాకే తెలియదు.

ఆమె అసలు పని వేలం పాట. మా దగ్గర ప్రొటెస్టెంటు గుళ్లలో కోత పండుగకి ఎవరి ఇంట్లో పండింది వాళ్లు తెస్తారు, ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. కొన్నవాళ్లు ఆ వస్తువు ఇంటికి తీసుకుపోరు, తిరిగి గుడికే ఇచ్చేస్తారు. దాన్ని మళ్లీ వేలం వేస్తారు. ఒక్క గుమ్మడికాయ పది చేతులు మారి, చివరికి ఎవరూ వండకుండానే పండుగ ముగుస్తుంది. ఈ ఏర్పాటు చూసి మా అధ్యక్షుడికి కళ్లు తిరిగాయి. వ్యాపారంలో తల నెరిసినా, ఒకే సరుకు అన్నిసార్లు అమ్మవచ్చని ఆయనకి తోచలేదు. గుడివాళ్ల నుంచి ఆ పద్ధతినీ, పద్ధతితోపాటు ఆమెనీ మా ట్రస్టుకి అరువు తెచ్చుకున్నాం. ఏడాదికోసారి మా గది ముందున్న మైదానంలో వేలం. కామసముద్రం రైతులు గుమ్మడికాయలు పంపేవారు.

ఆమె మైకు ముందుకొచ్చి మొట్టమొదట దానికి తన చేతిరుమాలు కట్టేది. "అందురూ ఉమిసిన మైకు, నాకొద్దప్పా" అనేది. తర్వాత దాన్ని వేలితో కొట్టి, "కిందుండేవాళ్లకి వినపడతా ఉండాదా?" అని అడిగేది. కొత్తవాళ్లు ముందు వరసల్లో కూచున్నవాళ్లనేమో అనుకుని తలూపేవారు. ఆమె అడిగింది గనిలో పోయి తిరిగి రాని వాళ్లని. ఆమె లెక్కలో వాళ్లింకా కిందే డ్యూటీలో ఉన్నారు, పైన ఎవరు ఏం ఇస్తున్నారో వాళ్లకి తెలియాలి. ఎవరైనా తమ పేరు గొంతులోనే చెప్పుకుంటే, "గట్టిగా చెప్పప్పా. కిందుండేవాళ్లకి వినపడాల" అని మళ్లీ చెప్పించేది.

ఇచ్చిన ప్రతి మనిషికీ మూడు చాటేది: పేరు, తండ్రి పేరు, ఏ షాఫ్టో ఆ షాఫ్టు, అంటే గనిలోకి ఏ బావి గుండా దిగేవారో అది. గనిలో పని చేయని నాలాంటివాళ్లకీ తప్పేది కాదు. నన్ను "బట్టలంగడి షాఫ్టు" అనేది. అధ్యక్షుడు "బంగారంగడి షాఫ్టు". ఒకసారి కొత్తగా బదిలీ మీద వచ్చిన బ్యాంకు మేనేజరు తనకే షాఫ్టూ లేదంటే, ఆమె ఆయన వైపు జాలిగా చూసి, "పర్వాలేదు, బ్యాంకు షాఫ్టు అని పెట్టుకుందాం" అంది. ఆయన మా ఊళ్లో ఉన్నంత కాలం పిల్లలు కూడా ఆయన్ని అలాగే పిలిచారు.

ఇంకో విద్య కూడా ఉండేది. కలిగినవాడు చిల్లర విదిలిస్తే ఆ మొత్తాన్ని చాలా మెల్లగా, ఆసుపత్రిలో జబ్బు పేరు చెప్పినట్టు చెప్పేది. జనం అయ్యో అన్నట్టు అతని వైపు తిరిగేవారు. అతను లేచి ఇంకొంచెం కలిపేవాడు. లేనివాళ్లు ఇచ్చిన పది రూపాయల్ని మాత్రం కోలారు దాకా వినిపించేలా అరిచేది. డబ్బుని మాత్రం చేత్తో తాకేది కాదు. "నా పని నోటితోనే. చెయ్యి పెట్టేది మీ శెట్లు చూసుకోండి" అనేది. ఇది పొగడ్తో తిట్టో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

చాటుగా ఊరంతా ఆమెని "సంగు" అనేవారు. గని సైరన్‌ని మా దగ్గర సంగు అంటారు. షిఫ్టు మారేటప్పుడు అది కూస్తే ఊరు లేచేది, అది కూస్తే ఊరు తినేది. గనులు మూసేశాక కూడా దాన్ని ఎవరూ కదపలేదు. కూయకపోయినా అక్కడ ఉందన్న ధైర్యం ఉండేది. తర్వాత పాత ఇనుము అమ్మేశారు. మా ఊరివాడే, గని కార్మికుడి కొడుకే, తుక్కు కాంట్రాక్టు పట్టాడు. గొట్టాలు, పట్టాలు, రేకులతోపాటు సంగుని కూడా లారీకెక్కించాడు. కొన్నది న్యాయంగానే, కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ మా ఊళ్లో గని మూసినవాళ్లనైనా క్షమించారు గానీ ఈయన్ని క్షమించలేదు. పెళ్లికి పిలిచేవారు కాదు, చావుకి కబురు పంపేవారు కాదు. టీ కొట్టు దగ్గరికి ఆయనొస్తే మిగతావాళ్లు గ్లాసు దించి లేచిపోయేవారు. "సంగు అమ్మినోడు" అన్నది ఆయన ఇంటిపేరైపోయింది.

ఒక ఏడు ఆయన మా వేలానికి వచ్చాడు. ఎవరూ పిలవలేదు, వెనక నిలబడ్డాడు. గుమ్మడికాయ పాట నడుస్తుంటే చెయ్యెత్తి, అంతవరకు పాడినవాళ్లందరినీ దాటేసి పాడాడు. ఆమె తన అలవాటు ప్రకారం పేరు, తండ్రి పేరు, తండ్రి చేసిన షాఫ్టు గొంతెత్తి చాటింది. మైదానం చప్పబడింది. ముందు బెంచీ మీద ఒక తాత ఉండేవాడు, ఒకప్పుడు డ్రిల్లు పట్టినవాడు, మా గాలి మిషన్‌కి అందరికన్నా పెద్ద గిరాకీ. ఆయన లేచాడు.

"ఆ సంగు దుడ్డుతో ఊపిరి పీల్చాలంటే నాకొద్దు. ఇచ్చేయండి ఆయప్పకి" అన్నాడు.

ఆయన వెనకే బెంచీ మొత్తం లేచి నిలబడింది. డబ్బు వెనక్కివ్వక తప్పలేదు. ఇవ్వాల్సింది కోశాధికారిని నేనే గానీ, నోట్లు లెక్కపెడుతూ అక్కడే నిలబడ్డాను. ఆ ఒక్కసారి ఆమె డబ్బు తాకింది. నా చేతిలోంచి తీసుకుని, మైదానమంతా నడిచి, ఆయన చేతిలో పెట్టి, గుమ్మడికాయ వెనక్కి తెచ్చుకుంది. ఆయన స్కూటర్ తీసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత పాట సాగింది గానీ ఆమె గొంతులో ఊపు లేదు. రుమాలు విప్పుకుంటూ నాతో, "పేరు చెప్పి మనిషిని తరిమేసినాను శెట్టప్పా. ఆయప్ప ఇయ్యకూడదా? ఆయప్ప నాయన కూడా కిందే ఉండాడు కదా" అంది. నాకు చాలా బాధేసింది. గుమ్మడికాయ ఎత్తి లోపల పెట్టాను.

తర్వాత ఫోన్ల కాలం వచ్చింది. మా అధ్యక్షుడు బెంగుళూరులో విరాళాల సేకరణ మీద ఏదో శిక్షణకి పోయి, పూర్తిగా మారిపోయి తిరిగొచ్చాడు. ఇప్పుడెవరూ జేబులో నోట్లు పెట్టుకోవడం లేదు, జనం ఫోన్ తీసి స్కాన్ చేసి రెండు నిమిషాల్లో ఇచ్చేస్తారు, అరుపులూ కేకలూ పాత పద్ధతి, అన్నాడు. స్కాన్ చేసే గళ్ల బొమ్మని సినిమా బ్యానరంత సైజులో గుడ్డ మీద అచ్చు వేయించాడు. దాన్ని నా అంగడిలో విప్పి చూపిస్తుంటే ఆమె లోపలికొచ్చింది.

"ఇదేందప్పా, మగ్గం చెడిపోయిన లుంగీనా?" అని అడిగింది.

అధ్యక్షుడు ఓపిగ్గా వివరించాడు. ఫోన్ ఎట్లా చూపించాలో, డబ్బు ఎట్లా పోతుందో, పోయిన వెంటనే అంగళ్లలో పెట్టే మాట్లాడే డబ్బా ఎంత అందిందో ఎట్లా చెబుతుందో. నా గల్లాపెట్టె మీదున్న డబ్బాతో చేసి చూపించాడు కూడా. తన ఫోన్ నుంచి ఒక రూపాయి పంపాడు. ఒక రూపాయి అందిందని డబ్బాలోని ఆడగొంతు తీరిగ్గా, కన్నడంలో, "ఒందు రూపాయి స్వీకరిసలాగిదె" అంది.

ఆమె డబ్బా దగ్గరికొచ్చి వంగి చూసింది.

"ఎవరిచ్చినారని చెప్పదే?"

"పేరు దీంట్లో రాదమ్మా. శెట్టి ఫోన్లో కనిపిస్తాది. ఇది ఎంతో అంతే చెప్తుంది."

"వాళ్ల నాయన పేరు?"

"రాదు."

"ఇంగ షాఫ్టు యాడ చెప్తాదిలే" అని ఆమె నిట్టూర్చింది. "బెంగుళూరు పిల్ల. ఇంత సన్నగా మాట్లాడితే కిందుండేవాళ్లకి ఏం వినపడతాదప్పా?"

ఆ రోజు నుంచి ఆమె నా అంగడికొస్తే ముందు డబ్బా వైపు ఒక చూపు చూసేది. గిరాకీ డబ్బు పంపి డబ్బా మాట్లాడిందంటే, తన మాట మధ్యలో ఆపి, అది ముగించేదాకా కోపంగా కాచుకునేది. ఒకసారి అది గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుంటే, "ఈ పిల్లకి భోజనానికి పోయేది లేదా?" అని నన్నే తగులుకుంది.

ఆ ఏడు వేలానికి మా అవసరం మామూలుది కాదు. గదిలోని పాత గాలి మిషన్ చెడిపోయింది. కొత్తది అమ్మేవాళ్లు నమ్మకం మీద తెచ్చి పెట్టారు. ఆదివారం వేలం, సోమవారం వాళ్ల వ్యాను వస్తుంది. డబ్బుంటే తీసుకుపోతారు, లేకపోతే మిషన్ తీసుకుపోతారు. డ్రిల్లు తాతకి ఈ సంగతి తెలిసి, ఆ వారమంతా మిషన్ పక్కనుంచి లేవలేదు, ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని. ఇంత ముఖ్యమైన ఏడు పాత పద్ధతి వద్దని అధ్యక్షుడు పట్టుబట్టాడు. ఆమెని మైకు నుంచి తప్పించి, ఆహ్వాన సంఘంలో వేశాడు. అంటే వచ్చినవాళ్లకి కలకండ ఇచ్చే పని. ఆమె ఒక్క మాటా అనలేదు. అందుకే మా అందరికీ భయమేసింది.

ఆదివారం సాయంత్రం మైదానం నిండింది. గళ్ల బ్యానరు కట్టాం. బల్ల మీద జరీ అంచు గుడ్డ పరిచి డబ్బా పెట్టాం. ఆమె కలకండ పళ్లెం ఒళ్లో పెట్టుకుని, పెదాలు బిగించుకుని ముందు వరసలో కూచుంది. అధ్యక్షుడు ప్రసంగించి, "ఇప్పుడందరూ ఫోన్లు తియ్యండి" అన్నాడు. తీశారు. బ్యానరు వైపు ఎత్తి పట్టుకున్నారు. డబ్బా మాట్లాడలేదు.

కాసేపటికి జనం ఫోన్లు పైకెత్తి, కిందికి దించి, పక్కకి తిరిగి, లేచి నాలుగడుగులేసి, మళ్లీ వచ్చి కూచున్నారు. ఒకావిడ కుర్చీ ఎక్కింది. ఆ మైదానం పల్లంలో ఉంది. మూడు వైపులా సైనైడ్ దిబ్బలు, అంటే రాతిని పిండి చేసి బంగారం తీసుకున్నాక గనివాళ్లు పారబోసిన పొడి కొండలు. ఆ గుంటలోకి సిగ్నల్ దిగదు. ఈ సంగతి కోరమండల్‌లో మేకలు కాసేవాళ్లకి కూడా తెలుసు. ఫోన్ మాట్లాడాలంటే అక్కడ ఎవరైనా దిబ్బ ఎక్కుతారు. మేం మాత్రం బ్యానరునీ డబ్బానీ రాబర్ట్‌సన్‌పేటలో, బజారు మధ్యలో, నా అంగడిలో పరీక్షించుకుని వచ్చాం. అక్కడ అద్భుతంగా పని చేసింది మరి.

అధ్యక్షుడి నుదుటి మీద చెమట పట్టింది. జేబుల్లో చూస్తే జనం దగ్గర నోట్లు లేవు, ఆయన చెప్పింది అంతవరకూ నిజమే. వెనక వరసలు మెల్లగా లేస్తున్నాయి. డ్రిల్లు తాత గది గుమ్మంలో కూచుని, ముక్కుకి గొట్టంతో, అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూస్తున్నాడు. సోమవారం ఆయన కళ్లలోనే ఉంది. నేను తలదించుకున్నాను.

అప్పుడామె కలకండ పళ్లెం నా చేతిలో పెట్టింది. బల్ల కింద పాత చేతి మైకు ఉంటే లాగి, దానికి రుమాలు కట్టింది.

"యాడికీ పోవద్దండప్పా. డబ్బు ఈడికి రాకపోతే, అది యాడుండాదో మనమే ఆడికి పోదాం. నడవండి దిబ్బ మీదికి."

ఎవరూ నవ్వలేదు. ఆ గొంతు లేవమంటే లేవడం మా ఊరికి అలవాటు. ఇద్దరు బ్యానరు రెండు కొసలు పట్టుకున్నారు. ఒకరు గుమ్మడికాయ ఎత్తుకున్నారు. నేను డబ్బాని రెండు చేతులతో ఛాతీకి ఆనించుకున్నాను. అందరికన్నా ముందు ఆమె, వెనక ఊరు. ముందు రోజు వాన పడింది కాబట్టి దుమ్ము లేవలేదు. ఆ వరసని రోడ్డు మీద పోయే బస్సు డ్రైవరు చూసి, ఏదో దేవుడి ఊరేగింపు అనుకుని బస్సాపి చెప్పులిప్పి దండం పెట్టాడు. ముసలివాళ్లు మాత్రం ఎక్కలేక, గది ముందే కుర్చీలు వరసగా వేసుకుని మమ్మల్ని చూస్తూ కూచున్నారు.

దిబ్బ సగం ఎక్కేసరికి అందరి ఫోన్లూ ఒక్కసారి టింగుటింగుమన్నాయి. బెంగుళూరు నుంచి రావాల్సిన మెసేజీలన్నీ అక్కడే వచ్చి పడ్డాయి. వెంటనే నా ఛాతీ మీద డబ్బా ఐదు వందలు అందాయని మాట్లాడటం మొదలుపెట్టింది. "ఐనూరు రూపాయి స్వీకరిసలాగిదె." మాట పూర్తి కాకముందే ఆమె చేతి మైకు ఎత్తింది. డబ్బాకి తెలియనివి ఆమెకి తెలుసు. ఎవరు ఫోన్ జేబులో పెట్టుకుంటున్నారో చూసి, వాళ్ల పేరు, తండ్రి పేరు, షాఫ్టు అరిచింది. డబ్బా ఎంతో చెప్పడం, ఆమె ఎవరో చెప్పడం. రెండూ పోటీ పడ్డాయి. రెండు మొత్తాలు వెంట వెంటనే పడితే ఏది ఎవరిదని డబ్బా ఆగదు, ఆమె మాత్రం ఆగి, "ఆ వంద నీదా అప్పా, నీ పెండ్లాందా?" అని విచారించేది. మా అధ్యక్షుడి మొత్తం డబ్బా చెప్పగానే, ఆమె దాన్ని తన పాత పద్ధతిలో జాలిగా మెల్లగా పలికింది. ఆయన గుటక మింగి మళ్లీ ఫోన్ తీశాడు. గుమ్మడికాయ కూడా దిబ్బ మీద చేతులు మారుతూనే ఉంది.

అయినా సరిపోలేదు. ఇచ్చేవాళ్లందరూ ఇచ్చేశారు. డబ్బా ఊరుకుంది. గాలి చల్లబడింది. కింద కుర్చీల్లో ముసలివాళ్లు ఇంకా మా వైపే చూస్తున్నారు.

అప్పుడు డబ్బా అంది, "ఐవత్తు సావిర రూపాయి స్వీకరిసలాగిదె."

యాభై వేలు. మిషన్‌కి ఇంకా కావలసింది అంతకన్నా తక్కువే. జనం ఒకరినొకరు చూసుకున్నారు. నేను డబ్బా చంకలో ఇరికించుకుని ఫోన్ తెరిచాను. పేరు చూసి ఫోన్ ఛాతీకి తిప్పుకున్నాను. తలెత్తేసరికి ఆమె ఫోన్ల వైపు చూడటం లేదు, దిబ్బ అవతల, సిగ్నల్ అందే రోడ్డు వైపు చూస్తోంది. రోడ్డు పక్కన స్కూటర్ ఆపుకుని, మా బ్యానరు కనబడేచోట ఒక మనిషి నిలబడ్డాడు. ఫోన్ చొక్కా జేబులో పెట్టుకుని, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

చేతి మైకు ఆమె నోటి దగ్గరే ఉంది. పేరు, తండ్రి పేరు, షాఫ్టు ఆమెకి తెలుసు, ఒకసారి చాటినవే. 

"ఎవరు శెట్టీ? నీ ఫోన్లో పేరుంటాది కదా, చదువు" అన్నాడు అధ్యక్షుడు. కింద నుంచి డ్రిల్లు తాత కూడా చెయ్యి ఊపుతూ ఎవరని సైగ చేశాడు.

ఆమె నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. బటన్ ఫోన్ తప్ప ఏదీ ఎరగని మనిషి, దాన్ని తలకిందులుగా పట్టుకుని, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, కళ్లు చిట్లించి పరీక్షించింది. తర్వాత చేతి మైకులో అంది:

"సిగ్నల్ పోయిందప్పా. పేరు రాలే."

మా ఊళ్లో సిగ్నల్ లేదంటే నమ్మని మనిషి లేడు. అధ్యక్షుడు కూడా, ఆ పూట పడిన పాట్లకి, తలూపాడు. ఆమె రుమాలుతో నోరు తుడుచుకుని, "ఇంగ ఎవరప్పా?" అని అడిగింది. రోడ్డు మీద స్కూటర్ కదిలింది.

సోమవారం వ్యాను డబ్బు తీసుకుని వెళ్లింది. మంగళవారం ఆమె అంగడికొచ్చి జాకెట్టు గుడ్డ విప్పించింది. మధ్యలో డబ్బా ఏదో మొత్తం చెప్పింది. ఈసారి ఆమె కోపంగా చూడలేదు.

"ఈ పిల్లకి పేర్లు తెలీవు కదా శెట్టప్పా. అదీ ఒక మేలే. నేనైతే చెప్పకుండా ఉండలేను, నా నోరు అట్టాంటిది. ఆ పొద్దు ఎట్ట పట్టుకున్నానో ఆ దేవునికే తెలుసు."

"ఎప్పటికీ చెప్పవా అమ్మా?" అని అడిగాను.

"నేను చెప్తే మళ్లా తరిమేస్తారు. ఆయప్పే చెప్పుకోవాల. చెప్పుకునే రోజు రానీ" అని, గుడ్డ ధర సగానికి తగ్గించింది.

చెప్పుకునే ఆ రోజు ఆమె ఉండగా రాలేదు.

మొన్న ఆమె జ్ఞాపకార్థం కూడిక పెట్టాం. ఇప్పుడు మా గదికి వైఫై ఉంది, దిబ్బ ఎక్కే పని లేదు. అదే మైదానం. మైకు స్టాండుకి ఆమె చేతిరుమాలు కట్టి నిలబెట్టాం, వెనక ఎవరూ లేరు. మైకు పట్టుకోమని అందరినీ అడిగాం, ఎవరికీ ధైర్యం చాలలేదు. కామసముద్రం నుంచి గుమ్మడికాయ వచ్చింది. బల్ల మీద డబ్బా పెట్టాం.

డబ్బా ఒక మొత్తం చెప్పింది. తర్వాత నిశ్శబ్దం. ఇంకో మొత్తం చెప్పింది, మళ్లీ నిశ్శబ్దం. ప్రతిసారీ అందరం తెలియకుండానే మైకు వైపు చూసి, చూపు తిప్పుకున్నాం. ఆమె లేకపోవడం నాకు అంత్యక్రియల నాడు కాదు, అప్పుడు తెలిసింది. 

మూడోసారో నాలుగోసారో, పూలమ్మే ఒకావిడ ఫోన్ కొంగులో దోపుకుని లేచి, తన పేరు, తండ్రి పేరు, షాఫ్టు తానే అరిచి, సిగ్గుపడి కూచుంది. దాంతో కట్ట తెగింది. డబ్బా చెప్పడం, ఇచ్చినవాళ్లు లేవడం. బెంగుళూరులో కంప్యూటర్ పని చేసే పిల్ల ఒకతి లేచి, పేరు చెప్పి, షాఫ్టు తెలియక, అక్కడికక్కడే పక్కనున్న అవ్వని అడిగి చెప్పింది. నా వంతు వస్తే నేనూ లేచి, "బట్టలంగడి షాఫ్టు" అన్నాను. జనం నవ్వారు. అధ్యక్షుడు తన మొత్తాన్ని తానే జాలిగా చెప్పుకుని, కూచోకుండా మళ్లీ ఫోన్ తీశాడు.

అప్పుడు వెనక నుంచి ఒక మనిషి ముందుకొచ్చాడు. తువ్వాలు, చొక్కా జేబులో ఫోన్. డబ్బా ఏదో చెప్పింది, ఎంతో ఎవరూ వినలేదు. ఆయన మైకు ముందు నిలబడి, నేలవైపు చూస్తూ తన పేరు చెప్పాడు. తండ్రి పేరు చెప్పాడు. తండ్రి చేసిన షాఫ్టు చెప్పాడు. అవి నేనిక్కడ రాయను, ఆమె నోరు కట్టుకున్నచోట నేను విప్పడం బాగుండదు. మైదానం ఆనాటిలాగే చప్పబడింది. ముందు బెంచీ కిర్రుమంది. డ్రిల్లు తాత గొట్టం సర్దుకుని, కర్ర ఊతంగా లేస్తున్నాడు. ఆ యాభై వేల సంగతి ఆయనకి తెలుసో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. బెంచీ మీద మిగతావాళ్లు కూడా లేవడానికి సిద్ధంగా ఆయన వైపే చూస్తున్నారు.

తాత నిలబడి, రెండుసార్లు ఊపిరి పీల్చుకున్నాడు.

"గట్టిగా చెప్పప్పా," అన్నాడు. "కిందుండేవాళ్లకి వినపడాల."

ఆయన తలెత్తి, గొంతు సవరించుకుని, మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. ఈసారి దిబ్బ అవతలికి కూడా వినిపించింది.